మంచం విప్పితే రెండున్నర లీటర్ల డీజిల్ మిగులు

ఘట్‌కేసర్: జూన్‌లో బడులు తెరిచే ముందు కొన్నాళ్ళు, ఆషాఢం పోయి శ్రావణం వచ్చాక మరి కొన్నాళ్ళు ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ వైపు పోయే వరంగల్ రోడ్డు మీద మంచాలు, బీరువాలు, పరుపులు ఎత్తుకున్న చిన్న బండ్లు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి. ఊళ్ళో పొలం పని తగ్గి నాచారం, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో పనికి కుదిరినవారు, పిల్లల చదువు కోసం ఉప్పల్, బోడుప్పల్‌లలో గది అద్దెకు తీసుకున్నవారు, ఆ అద్దెలు మోయలేక మళ్ళీ ఇటు అన్నోజిగూడ, యంనంపేట వైపు వచ్చేస్తున్నవారు, అందరికీ సామాను మోసే బండి తప్పదు.

కొత్త ఇంటివారికి అడ్వాన్సు కట్టి, మొదటి నెల అద్దె ముందే ఇచ్చి, చేతిలో చిల్లర కూడా మిగలని వేళ ఈ బండి కిరాయి వచ్చి మీద పడుతుంది. కూలి చేసుకునే కుటుంబానికి అది రెండు మూడు రోజుల సంపాదన. కిరాయి దగ్గర మాటా మాటా పెరగడం, సామాను సగం దించి డ్రైవరు అలిగి కూర్చోవడం, చుట్టుపక్కలవారు వచ్చి సర్దిచెప్పడం కొత్త ఇంటి గుమ్మం ముందు తరచు జరిగేదే. ఇంతకూ ఆ కిరాయిలో డ్రైవరు జేబులో మిగిలేది కొంతే. మిగతాది పెట్రోలు బంకుకు పోతుంది, బండి మీద తీసుకున్న అప్పుకు పోతుంది. అప్పు వాయిదాను ఎవరూ తగ్గించలేరు. డీజిల్‌ను తగ్గించవచ్చు. అది డ్రైవరు పని అని చాలామంది అనుకుంటారు గానీ, అందులో పెద్ద భాగం సామాను వేసుకునేవారి చేతిలోనే ఉంది.

లెక్క ఇదీ

ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ కూడలికి దాదాపు పదహారు కిలోమీటర్లు. అక్కడి నుంచి నాచారం మరో నాలుగైదు. మొత్తం ఇరవై వేసుకుంటే పోనురాను నలభై అవుతుంది. సామాను ఒకవైపే పోయినా బండి మళ్ళీ తన అడ్డాకు రావాలి కనుక డ్రైవరు ఎప్పుడూ పోనురాను లెక్కే వేస్తాడు. అందులో తప్పు లేదు.

హైదరాబాద్‌లో 2025లో లీటరు డీజిల్ 95 రూపాయలు దాటి ఉంది. లెక్క సులువుగా ఉండేందుకు 96 వేసుకోవచ్చు. టాటా ఏస్ బండి సామానుతో, ఈ రోడ్డు రద్దీలో లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే నలభై కిలోమీటర్లకు రెండు లీటర్ల ఏడువందల మిల్లీలీటర్లు, అంటే 256 రూపాయలు. బొలెరో పికప్ పన్నెండు కిలోమీటర్లు ఇస్తే మూడు లీటర్ల మూడువందలు, 320 రూపాయలు. డీసీఎం ఆరు కిలోమీటర్లు ఇస్తే ఆరు లీటర్ల ఏడువందలు, 640 రూపాయలు. బండి వయసును బట్టి, నడిపే చేతిని బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. బండికీ బండికీ మధ్య ఉన్న తేడా మాత్రం ఇలాగే ఉంటుంది.

చూడగానే చిన్న బండే చవక అనిపిస్తుంది. చాలామంది ఆ ఒక్క మాట మీదనే టాటా ఏస్ మాట్లాడుకుంటారు. తీరా సామాను ఎక్కించాక డబుల్ మంచం, సోఫా కిందనే మిగిలిపోతాయి. రెండో ట్రిప్పు తప్పదు. అప్పుడు ఎనభై కిలోమీటర్లు, అయిదు లీటర్ల పైమాట, 512 రూపాయలు. మొదటే బొలెరో మాట్లాడి ఒకే ట్రిప్పులో పోయి ఉంటే 320తో సరిపోయేది. అలాగని అనుమానం వచ్చినప్పుడల్లా డీసీఎం పిలవడం కూడా తెలివి కాదు. రెండు గదుల సామానుకు డీసీఎం ఒక ట్రిప్పు తిరిగినా, టాటా ఏస్ రెండు ట్రిప్పుల కంటే డీజిల్ ఎక్కువే తాగుతుంది. టాటా ఏస్ మూడు ట్రిప్పులు తిరగవలసిన ఇంటికైతేనే డీసీఎం గిట్టుబాటు.

బరువు కాదు, చోటు

ఇక్కడ అందరూ పొరబడేది ఒకటుంది. ఏ బండి కావాలని అడిగితే ఎన్ని క్వింటాళ్ళు మోస్తుందని ఆలోచిస్తారు. వడ్లకు, సిమెంటుకు ఆ లెక్క సరైనదే. ఇంటి సామానుకు కాదు. బస్తాలు నింపితే తొట్టి సగం నిండకముందే బండి కుంగుతుంది. మంచాలు, కుర్చీలు వేస్తే బండి బరువే తెలియదు, తొట్టి మాత్రం నిండిపోతుంది. కనుక సామాను బండిని క్వింటాళ్ళతో కాదు, అడుగులతో చూసుకోవాలి.

టాటా ఏస్ తొట్టి పొడవు దాదాపు ఏడడుగులు, వెడల్పు అయిదడుగులకు కాస్త తక్కువ. మోసే బరువు ముప్పావు టన్ను వరకు. బొలెరో పికప్ తొట్టి మోడలును బట్టి ఎనిమిది, తొమ్మిది అడుగుల పొడవు ఉంటుంది. డీసీఎంలలో పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది అడుగులవి దొరుకుతాయి. ఇంట్లో డబుల్ మంచం ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. అది అట్లాగే అయిదడుగుల తొట్టిలో పట్టదు. పైన అడ్డంగా వేసి తాడు కడితే మిగతా సామానుకు చోటు పోతుంది, మలుపుల్లో భయం, రోడ్డు పక్క కొమ్మలు తగులుతాయి.

అదే మంచాన్ని విప్పితే తలవైపు పలక, కాళ్ళవైపు పలక, రెండు పక్కల పట్టీలు, నడుమ చెక్కలు. అన్నీ కలిపి బీరువా పక్కన నిలువునా జానెడు సందులో సర్దుకుంటాయి. దీనికి కావలసింది పన్నెండు నంబరు పానా, లేదా పద్నాలుగు నంబరు పానా, ఒక స్క్రూడ్రైవరు, అరగంట టైము. విప్పిన బోల్టులు గుడ్డలో మూటగట్టి మంచం పట్టీకే కట్టేయాలి. లేకపోతే కొత్త ఇంట్లో మొదటి రాత్రి అందరూ నేల మీదనే పడుకుంటారు. భోజనాల బల్ల కాళ్ళు, డ్రెస్సింగ్ టేబుల్ అద్దం, కూలరు కింది స్టాండు కూడా విప్పదగినవే. ఒక గది, వంటిల్లు ఉన్న కుటుంబం ఈ పని చేసుకుంటే సామానంతా ఒకే టాటా ఏస్‌లో పడుతుంది. రెండో ట్రిప్పు తప్పితే ఘట్‌కేసర్ నుంచి నాచారానికి మిగిలేది రెండున్నర లీటర్లకు పైగా డీజిల్.

సర్దడంలోనూ వరుస ఉంది. బీరువా, ఫ్రిజ్ ముందుగా డ్రైవరు క్యాబిన్ వెనుక గోడకు ఆనించి నిలబెట్టాలి. బరువు ముందుంటే బండి నిలకడగా పోతుంది. బీరువాలో బట్టలు ఉండనివ్వవచ్చు, తాళం వేయాలి. గంపలు, గిన్నెల మూటలు మంచం చెక్కల కింద, కుర్చీల కాళ్ళ మధ్య దోపాలి. పరుపు చుట్టి నిలువునా పెట్టాలి గానీ పైన పరచకూడదు. పైన పరచిన పరుపు, తాడు వదులై కొట్టుకునే టార్పాలిన్ గాలిని పట్టి బండిని వెనక్కి లాగుతాయి. నిదానంగా పోయేటప్పుడు ఇది తెలియదు. ఘట్‌కేసర్ దాటాక భువనగిరి వైపు వెడల్పు రోడ్డు మీద వేగం పెంచినప్పుడు తెలుస్తుంది.

డీసీఎం పేరు వచ్చిన తీరు

ఇప్పటి పిల్లలకు తెలియని సంగతి ఒకటి. డీసీఎం అనేది బండి రకం పేరు కాదు. ఢిల్లీ క్లాత్ మిల్స్ అనే గుడ్డల కంపెనీ పేరులోని మూడు అక్షరాలు అవి. 1980ల నడుమ ఆ సంస్థ జపాన్ టయోటాతో కలిసి తేలికపాటి లారీలు తయారు చేసింది. అదే కాలంలో ఐషర్ మిట్సుబిషితో, స్వరాజ్ మజ్దాతో, మన హైదరాబాద్ ఆల్విన్ నిస్సాన్‌తో కలిశాయి. ఆల్విన్ నిస్సాన్ బండ్లు అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో తయారయ్యేవి. టయోటా డీసీఎం బండ్లు ఎప్పుడో ఆగిపోయాయి, పేరు మాత్రం తెలంగాణ నాలుకల మీద నిలిచిపోయింది. ఇప్పుడు ఐషర్‌ను చూసినా జనం డీసీఎం అనే అంటారు.

అంతకు ముందు ఇంటి సామాను ఎడ్లబండి మీదనో, బజాజ్ టెంపో కంపెనీ వారి మెటడార్ వ్యానులోనో, ఖాళీగా పోయే లారీని బతిమాలుకునో తరలేది. 2005లో టాటా ఏస్ వచ్చాక ఈ అవస్థ తీరింది. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజను, ఇరుకు గల్లీలో కూడా తిరిగే బండి. ఛోటా హాథీ అని పేరు పడింది. చిన్న ఏనుగే అయినా రెండుసార్లు తిప్పితే పెద్ద ఏనుగు మేతే తింటుంది.

ఊళ్ళోనే వదలదగినవి

బరువు పెద్ద లెక్క కాదన్నా, కొన్ని వస్తువులు అనవసరంగా బండెక్కుతాయి. నీళ్ళు నిండిన డ్రమ్ము, మట్టితో ఉన్న తులసి కుండీలు, రోలు, ఇసుర్రాయి, సిమెంటు గోలెం, పొయ్యి కట్టెలు. నాచారంలో మూడో అంతస్తు గదికి రోలు ఎందుకని అడిగితే అత్తగారిదని జవాబు వస్తుంది. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టమే. అయినా రోలు, గోలెం చోటు తినడం వల్ల మంచం కింద మిగిలి రెండో ట్రిప్పు పడితే, ఆ రాయి ఖరీదు 256 రూపాయలు పెరిగినట్టు. ఫ్రిజ్‌లో సామాను ముందురోజే తీసి, నీళ్ళు కారిపోనిచ్చి, తలుపు తాడుతో కట్టాలి. బియ్యం బస్తాలు మాత్రం తేవలసిందే, వాటిని తొట్టి అడుగున ముందువైపు వేస్తే మిగతా సామాను కదలదు.

తిరుగు బండి

అసలు పొదుపు ఇక్కడ ఉంది. ఎటైనా ఖాళీగా పోతున్న బండికి సామాను వేస్తే ఆ దారి డీజిల్ అప్పటికే ఖర్చు రాసుకున్నది. డ్రైవర్లు దీన్ని రిటర్న్ అంటారు. రిటర్న్ బండి దొరికితే కిరాయి తగ్గించి అడగవచ్చు, డ్రైవరు కూడా ఒప్పుకుంటాడు, ఎందుకంటే లేకపోతే అతను వట్టి బండితోనే పోవాలి.

ఘట్‌కేసర్ దారిలో ఈ రాకపోకలకు ఒక పద్ధతి ఉంది. ఊళ్ళ నుంచి కూరగాయలు, పాలు వేసుకున్న బండ్లు తెల్లవారుజామున నగరానికి పోతాయి, పొద్దెక్కేసరికి ఖాళీగా తిరిగి వస్తాయి. నాచారం, ఉప్పల్ నుంచి ఊరికి తిరిగి వచ్చే కుటుంబానికి ఇవే సరైన బండ్లు. దీనికి ఎదురుగా, నగరం నుంచి కిరాణా సరుకు, ఇనుము, టైల్స్, ఎరువులు తెచ్చే బండ్లు మధ్యాహ్నానికి ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి దుకాణాల ముందు సరుకు దించి ఖాళీగా ఉప్పల్ వైపు పోతాయి. నగరానికి ఇల్లు మారేవారు కిరాణా, హార్డ్‌వేర్ దుకాణదారును రెండు రోజుల ముందు అడిగితే ఏ బండి ఎప్పుడు వస్తుందో చెబుతాడు. కూరగాయల బండి అయితే తొట్టి కడిగించి, ఒక పాత దుప్పటి పరవాలి. ఎరువుల బండి, పురుగుమందుల బండి అయితే బియ్యం, పిండి డబ్బాలు అందులో వేయకపోవడమే మంచిది.

ఫోన్‌లో పిలిచే బండ్లు ఇప్పుడు వచ్చాయి. వాటిలో దూరానికి, సమయానికి లెక్క కట్టి కిరాయి చూపిస్తారు. సామాను ఎక్కించడానికి ఇచ్చిన గడువు దాటితే అదనంగా పడుతుంది. మంచం విప్పకుండా ఆ బండిని పిలిస్తే విప్పే అరగంటకు కూడా డబ్బు కట్టినట్టే.

ముహూర్తానికి పాలు చాలు

మంగళవారం, శనివారం ఇల్లు మారరు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పనికిరావు. మిగిలిన మంచి రోజుల్లో అందరికీ ఒకే ముహూర్తం, అదీ తెల్లవారుజామునో, పొద్దున తొమ్మిదింటికో. ఆ రోజు బండికి గిరాకీ, కిరాయి రెండూ పెరుగుతాయి. తొమ్మిది గంటల ముహూర్తానికి బయలుదేరిన సామాను బండి, ఆఫీసులకూ కాలేజీలకూ పోయే జనంతో నిండిన ఉప్పల్ రోడ్డులోనే పడుతుంది.

పాలు పొంగించడానికి సామానంతా అక్కర లేదన్నది ఇంట్లో పెద్దవారికి కూడా తెలుసు. దేవుడి పటం, పాల గిన్నె, పొయ్యి, పసుపు కుంకుమ ఆటోలో పోతాయి. ముహూర్తానికి పాలు పొంగించి, మధ్యాహ్నం ఒంటిగంట, రెండింటికి రోడ్డు కొంత ఖాళీ అయ్యాక, తిరుగు బండి దొరికే వేళకు సామాను ఎత్తితే ముహూర్తం దక్కుతుంది, డీజిల్ దక్కుతుంది. పూజకు వచ్చిన బంధువులు నలుగురు సామాను దించడానికి అక్కడే ఉంటారు కూడా.

నిలబడిన బండి తాగే నూనె

కిలోమీటర్ల లెక్కలో కనపడని ఖర్చు నిలబడినప్పటిది. ఉప్పల్, నారపల్లి మధ్య ఆరు కిలోమీటర్లకు పైగా ఎత్తు వంతెన పనులు 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగాయి. ఆ స్తంభాల పక్క ఇరుకు దారిలో, గుంతల్లో మొదటి గేరులో నడిచిన బండ్లు ఎంత డీజిల్ కాల్చాయో డ్రైవర్లకే తెలుసు. నాచారం పోయేవారికి మేడిపల్లి దగ్గర చెంగిచర్ల వైపు తిరిగి చర్లపల్లి, మల్లాపూర్ మీదుగా చేరే దారి ఉంది. ఉప్పల్ కూడలిలో నిలిచిపోయే వేళల్లో ఇది మేలు. శంషాబాద్, గచ్చిబౌలి వైపు పోయేవారికి ఘట్‌కేసర్ దగ్గరే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు తగులుతుంది. చుట్టుదారి, టోల్ ఉంటుంది, కానీ ఆగకుండా ఒకే వేగంతో పోవచ్చు. టోల్ ఎవరు కట్టాలో బయలుదేరక ముందే తేల్చుకోవాలి. డీసీఎం మాట్లాడేవారు మరొకటి చూసుకోవాలి. పెద్ద బండ్లకు నగరం లోపల పగటిపూట ఆంక్షలు ఉంటాయి. వేళ తెలియక పోతే బండి ఉప్పల్ బయటే గంటల తరబడి నిలుస్తుంది.

సామాను ఎక్కించేటప్పుడు ఇంజను ఆపాలి. చిన్న డీజిల్ ఇంజనైనా ఊరికే తిరుగుతూ ఉంటే గంటకు అర లీటరు వరకు తాగగలదు. పాత బండ్లలో బ్యాటరీ బలహీనంగా ఉంటే, మళ్ళీ స్టార్టు కాదన్న భయంతో డ్రైవరు ఇంజను ఆపడు. సామాను అంతా గుమ్మం ముందుకు తెచ్చి పెట్టుకున్నాకే బండిని పిలిస్తే ఈ పేచీ ఉండదు.

1973లో అరబ్బు దేశాలు చమురు సరఫరా తగ్గించి, ధర నాలుగింతలైన తరువాత మన దేశంలో ఇంధన పొదుపు మాట గట్టిగా వినబడింది. 1978లో పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం ఏర్పడింది. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో పోతే 80 కిలోమీటర్ల వేగంతో పోల్చినప్పుడు 40 శాతం వరకు ఎక్కువ మైలేజీ వస్తుందని, టైరులో గాలి నాలుగో వంతు తగ్గితే ఇంధనం ఖర్చు 5 నుంచి 10 శాతం పెరుగుతుందని ఆ సంఘం చెబుతూ వచ్చింది. కార్ల మీద చేసిన పరీక్షలే అయినా సామాను బండికి ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తోంది. విశాఖపట్నం శుద్ధి కర్మాగారం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వైపు వచ్చే గొట్టపు మార్గం, చర్లపల్లి, ఘట్‌కేసర్ ప్రాంతాల చమురు డిపోలు ఇక్కడివారికి కళ్ళ ముందున్నవే. డిపో పక్కన ఇల్లున్నంత మాత్రాన బంకులో ధర తగ్గదు.

కిరాయి మాట్లాడే తీరు

ఇంత దగ్గరి దూరానికి కిలోమీటరు లెక్క కన్నా గుత్తకు మాట్లాడుకోవడమే ఉభయులకూ మేలు. గుత్త అయితే తక్కువ డీజిల్‌తో పని ముగించాలన్న ఆత్రం డ్రైవరుకే ఉంటుంది. దగ్గరి దారి, ఖాళీ వేళ అతనే చూసుకుంటాడు. అయితే గుత్తకు మాట్లాడేటప్పుడు సామాను దాచకూడదు. నాలుగు సామాన్లే అన్నా, చిన్న ఇల్లే అన్నా అని చెప్పి, తీరా వచ్చాక రెండు బీరువాలు, ఒక దివాను, పొరుగింటివారి కూలరు చూపిస్తే ఏ డ్రైవరుకైనా కోపం వస్తుంది. సామాను పేరుపేరునా చెప్పాలి, వీలైతే ముందురోజు చూపించాలి. పసుపు నంబరు ప్లేటు ఉన్న బండినే మాట్లాడాలి. సామాను యజమాని డ్రైవరు పక్కన కూర్చోవచ్చు. మిగతావారు తొట్టిలో మంచం మీద ఎక్కి కూర్చోవడం చట్టం ఒప్పుకోదు, తాడు తెగితే ప్రాణం పోతుంది. వారు ఆర్టీసీ బస్సులో రావాలి.

బండి కొత్త ఇంటి గుమ్మం దాకా పోతుందా, గల్లీ మొదట్లోనే ఆగుతుందా అన్నది కూడా ముందే చెప్పవలసిన మాట. పై అంతస్తు అయితే అదీ చెప్పాలి. లిఫ్టు లేని మూడో అంతస్తుకు బీరువా ఎక్కించడానికి హమాలీలు అడిగే కూలి ఈ లెక్కలన్నిటికీ బయటిది.